పులులకూ మేనరికాలా?



మన ఇరుగుపొరుగున ఏ అమ్మాయైనా ఎమ్మెస్సీ అయి, పిహెచ్.డి. కూడా పూర్తిచేసి, “ఇంకా రిసెర్చి చేస్తున్నానండీ” అంటే మనం వెంటనే ఏమంటాం? “డాక్టరేటు వచ్చేసిందిగా, ఇంకా ఏం చదువమ్మా?” అంటాం. నిజానికి అది చదువు కాదు, ఉద్యోగమే. కాకపోతే రెండు మూడేళ్ళ గడువు పెట్టి ఇచ్చే ఉద్యోగం. పోస్ట్ డాక్టరల్ పరిశోధన అంటారు దాన్ని. డాక్టరేటు దాకా పని నేర్చుకుంటారు. ఆ తరువాత ఏదో ఒక ప్రశ్న పట్టుకుని దాని అంతు చూస్తారు. అలాంటి వారిలో కొందరు అడవి జంతువుల చుట్టరికాలను పరిశోధిస్తున్నారు. ఈ పూట వారి పని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

పులుల చుట్టరికాలతో మనకేం పని అంటారా? 2022 గణన ప్రకారం మన దేశంలో పులులు సుమారు 3,682. ప్రపంచంలోని అడవి పులుల్లో ముప్పాతిక వంతు మన దగ్గరే ఉన్నాయి. సంతోషించవలసిన సంగతే. కాని తలలు లెక్కపెడితే సరిపోదు. ఒక ఊళ్ళో వందమంది ఉన్నా, అందరూ ఒకే ఇంటివారైతే పెళ్ళి సంబంధాలు ఎక్కడ వెతుకుతాం?

మేనరికం సంగతి మనకు తెలియనిది కాదు. అబ్బాయికి అమ్మమ్మ, అమ్మాయికి నాయనమ్మ ఒకావిడే. ఇప్పుడొక పోలిక చెబుతాను. ప్రతి ప్రాణికీ ఒంట్లో రెండు వంటపుస్తకాలు ఉన్నాయనుకోండి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. తల్లి పుస్తకంలో ఒకచోట తప్పు పడినా, తండ్రి పుస్తకం చూసి వండుకోవచ్చు. వంట చెడదు. కాని ఆ ఇద్దరూ ఒకే అమ్మమ్మ పుస్తకం చూసి రాసుకున్నవారైతే? అదే తప్పు రెండింటిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. అన్ని మేనరికాల్లోనూ ఇలా జరుగుతుందని కాదు. తరతరాలుగా లోపల్లోపలే కలుపుకుంటూ పోతే మాత్రం ప్రమాదం పెరుగుతూ ఉంటుంది. ఆ పుస్తకాల్లోని మాటలనే శాస్త్రజ్ఞులు జన్యువులు అంటారు.

ఒడిశాలో సిమిలిపాల్ అని ఒక అడవి ఉంది. అక్కడ కొన్ని పులులకు నల్లచారలు వెడల్పయి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఒళ్ళంతా నల్లగా కనిపిస్తుంది. బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో డాక్టర్ ఉమా రామకృష్ణన్ గారి బృందం దీని కారణాన్ని వెదికి, 2021లో ప్రకటించింది. ఒకే ఒక్క జన్యువులో ఒక్క అక్షరం మారడమే కారణమట! తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ మార్పే వస్తేనే పులి నల్లబడుతుంది. అక్కడి పులుల్లో మూడో వంతుకు పైగా అలాంటివే. ఆ వారు పరిశీలించిన తక్కిన అడవుల పులుల్లో ఈ మార్పు కనిపించలేదు. నలుపు జబ్బేమీ కాదు. కాని బయటి పులులు రాక, ఉన్న కొద్దిపాటివే తమలో తాము కలుస్తున్నాయని చెప్పే గుర్తు అది.

మరి పులిని పట్టుకుని రక్తం తీస్తారా? అక్కర్లేదండీ. అది విడిచిన పెంట చాలు. పేగుల లోపలి పొర నుంచి కొన్ని కణాలు దానికి అంటుకుని వస్తాయి. అటవీ సిబ్బంది వెంట కాలిబాటలు తిరిగి, పెంట పైభాగాన్ని కొద్దిగా తీసి, గొట్టాల్లో భద్రపరిచి లేబరేటరీకి తెస్తారు. తెచ్చింది పులిదో చిరుతదో ముందు తేల్చాలి. తరువాత మగో ఆడో. ఆ పైన ఏ పులో, దానికి ఏ పులి ఏమవుతుందో. ఎండకూ వానకూ ఆ కణాలు పాడయి ఉంటే చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయాలి. బియ్యంలో రాళ్ళు ఏరే ఓపిక కావాలి. మన హైదరాబాదులోనూ సి.సి.ఎం.బి. వారి లాకోన్స్ అనే కేంద్రం అంతరించిపోతున్న జంతువుల కోసం ఇటువంటి పనులు చేస్తోంది.

ఇంతా తెలుసుకుని ఏం చేస్తారంటే, బయటి సంబంధం తెస్తారు! అమెరికాలో ఫ్లారిడా పాంథర్ అనే పెద్దపిల్లి జాతి 1990 ప్రాంతానికి ఇరవై ముప్ఫైకి తగ్గిపోయింది. తోకలు వంకర్లు పోయాయి, గుండెల్లో లోపాలు, మగవాటికి సంతానలోపం. 1995లో టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడవాటిని తెచ్చి విడిచారు. అందులో అయిదు పిల్లల్ని కన్నాయి. పదిహేనేళ్ళలో వాటి సంఖ్య మూడింతలయింది.

సిమిలిపాల్‌కూ 2024 చివర్లో మహారాష్ట్రలోని తాడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు ఆడపులుల్ని తెచ్చారు. ఆ జీనత్ ఉందే, అడవి దాటి జార్ఖండ్ మీదుగా పశ్చిమ బెంగాల్ దాకా నడిచిపోయింది! చివరికి డిసెంబరు 29న బాంకుడా జిల్లాలో మత్తుమందు ఇచ్చి పట్టి, తిరిగి తెచ్చారు. కొత్త కోడలికి అత్తిల్లు అలవాటు కావద్దూ మరి!

ఇలా మోసుకొచ్చి విడవడం ఖర్చు, కష్టం కూడాను. పులి తనంతట తాను నడిచి వెళ్ళగలిగితే అంతకన్నా మేలు లేదు. మన ఆదిలాబాదు వైపు కవ్వాల్ అడవికి తాడోబా నుంచి పులులు అలా నడిచే వస్తున్నాయి. నడుమ ఉన్న అడవిచాలు తెగితే ఆ రాకపోకలూ తెగుతాయి. హైదరాబాదు మీదుగా నాగపూరు, ఆపై ఉత్తరాదికి పోయే 44వ నంబరు రహదారిలో, పెంచ్ అడవి దగ్గర జంతువుల కోసం రోడ్డును వంతెనల మీదుగా వేశారు. పైన లారీలు పోతుంటే కింద పులులు దాటుతున్నట్టు కెమెరాల్లో పడింది కూడా.

“జంతువుల కోసం ఇంత డబ్బా?” అని ఇంట్లో ఎవరైనా విసుక్కుంటే, ఈసారి మీరే చెప్పండి. ఆడపిల్లను ఇచ్చిన ఊరికీ పుట్టిన ఊరికీ దారి లేకుండా చేస్తే ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. అడవులకూ అంతే. ఆ దారులు ఎక్కడ తెరిచి ఉంచాలో, ఏ అడవిలో పులులు ఒంటరివయ్యాయో చెప్పేది ఆ పిల్లలు గొట్టాల్లో భద్రపరిచి తెచ్చే ఆ కాస్త పెంటే.

ఉంటాను మరి. సెలవు.