చెరువులోని చెట్లు



నిరాడంబరముగా బ్రదుకుట యనఁగా తిండిని, బట్టను తగ్గించుకొనుటయే యని తలంతుము. తీసికొనఁగలిగినదానిలో కొంత తీయక విడుచుటయు నందొక భాగము. చెరువులోని చెట్లకు వేలము పెట్టునపుడు కట్టెల తూకము నొక్కదానినే లెక్కించెదము. ఆ లెక్కలో ఒక పద్దు తప్పిపోవుచున్నది.

సూళ్లూరుపేట ప్రాంతమున నేలపట్టు అను గ్రామము కలదు. అచటి చెరువులో నీటికడప చెట్లున్నవి. మొదలు నెలల తరబడి నీట మునిగియున్నను చావని జాతి యది. వానలకు చెరువు నిండినపిమ్మట గూడబాతులు వచ్చి ఆ కొమ్మలపై గూళ్లు కట్టి గ్రుడ్లు పొదుగును. క్రింద నీరున్నంతవఱకు వేఁటజంతువులు సులభముగా దరిచేరవు. మేఁతకు మాత్రము పులికాటు సరస్సునకుఁ బోయి, చేపలను మ్రింగి తెచ్చి పిల్లలకుఁ బెట్టును.

ఇందు రైతునకేమి యందురా? చేప సరస్సుది, రెట్ట చెరువుది. అందలి నత్రజనియు భాస్వరమును నీటఁ గలిసి, తూము గుండ ఆయకట్టు మళ్లకుఁ బాఱును. బండి కట్టనక్కఱలేదు, కూలి యియ్యనక్కఱలేదు. పట్టణమునుండి చూడవచ్చువారు పక్షులను మెచ్చి పోవుదురు గాని, ఈ యెరువుమాట యెత్తరు!

1976వ సంవత్సరమున ప్రభుత్వము ఆ చోటును పక్షుల రక్షితస్థలముగాఁ బ్రకటించినది. అయినను రాత్రివేళ గొడ్డలి చప్పుడు ముందుగా వినఁబడునది ఊరివారికే గదా.

అన్ని చెరువులకును గూడబాతులు రావు. కొంగలు, నీటికాకులు వచ్చినను చాలును. వేలమునకు ముందొక సాయంకాలము గట్టుపైఁ గూర్చుండి, ఏ చెట్టున నెన్ని గూళ్లున్నవో చూడుఁడు. వానిని విడిచి, తక్కినవానికే పాట పెట్టుఁడు.