ఆంగ్లభాషాబోధనమున యంత్రసాధనములు
(సభయందొసంగిన యుపన్యాసము)



మన విద్యానిధితో నొక పెద్ద తెరను గొని సంఘభవనమున నుంచి, దానిద్వారా మన బిడ్డలకు ఇంగ్లీషు నేర్పింపవలెనని కొందఱు మిత్రులు కోరుచున్నారు. వారి యుద్దేశము మంచిదే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి గల్ఫుదేశములకు బోవు మనవారిలో ననేకులు, తమ కూలి యెంతయో వ్రాసియున్న ఒప్పందపు కాగితమును జదువలేకయే దానిపై సంతకము చేయుచున్నారు. కావున ఇంగ్లీషు మనకు సోకు గాదు. కాని ధనము వెచ్చింపకముందే యంత్రమేపని చేయగలదో, యేపని చేయజాలదో విచారింపవలసియున్నది.

పరభాషలో జదువుట మన ప్రాంతమునకు గ్రొత్త గాదు. నిజాము పాలనమున బోధనభాష ఉర్దూ. సిరిసిల్లకు సమీపముననున్న హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూమాధ్యమముననే చదివి, తెలుగున మహాకవియై, 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును బడసిరి. ఐతే నాడు ఉర్దూ కచేరిలోను బజారులోను జెవిని బడుచుండెను. ఇంగ్లీషట్లు గాదు. 2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. పుస్తకమున నొకపుట తెలుగు, ఎదుటిపుట ఇంగ్లీషు. కంటికి రెండును గనబడును. చెవికి మాత్రము రెండవది యింటను లేదు, వీథిని లేదు.

ఈ చెవికఱవే అసలు చిక్కు. మన మాటలు చాలవఱకు అచ్చుతో ముగియును. కావుననే బస్ అనునది మనకు బస్సు, బుక్ అనునది బుక్కు అయినవి. మాటను మన భాషలోనికి దెచ్చుకొన్నప్పుడది న్యాయమే; నవ్వవలసిన పని లేదు. కాని ఇంగ్లీషు వాక్యములో నట్లే పలికినచో వినువానికి దెలియదు. ఊనికయు నట్టిదే. ఫోటోగ్రాఫ్ అనునప్పుడు బలము మొదట బడును. ఫొటాగ్రఫర్ అనునప్పుడు రెండవచోట బడును. వ్రాతలో నీ భేదము గనబడదు. ఉపాధ్యాయుడే పుస్తకమునుండి నేర్చినవాడైనచో నేమి చేయును? ఆతనిని నిందించుట సులభము. ముప్పదియేండ్లు నేనును అట్టి యుపాధ్యాయుడనే.

యంత్రములీ కఱవు దీర్చుటకే వచ్చినవి. 1901లో లండనున నెలకొన్న లింగ్వాఫోను సంస్థ ధ్వనిముద్రణములతో భాషలను నేర్పబూనెను. 1958లో హైదరాబాదున ఆంగ్లమునకు గేంద్రసంస్థ యేర్పడి, ఉపాధ్యాయులకు శిక్షణ మొసంగుచు, 2007లో ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయమైనది. 1975 ఆగష్టునుండి ఒక సంవత్సరము ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు దూరదర్శన కార్యక్రమములు పంపబడినవి. అందు ఆంధ్రప్రదేశ్ గ్రామములును గలవు. అవి యింగ్లీషు పాఠములు గాకపోయినను మనకొక సంగతి దెలుపుచున్నవి. పాఠము ఆకాశమునుండి దిగెను. పిల్లవాని జవాబు మాత్రము పైకి బోలేదు.

2020లో మహమ్మారి కాలమున మనకదియే యనుభవమైనది. సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠములు ప్రసారమైనవి. సిరిసిల్లలో నొకయింట నేను జూచితిని. ముందుగదిలో బాలిక టెలివిజను ముందు గూర్చున్నది. గోడకావల నాలుగు సాంచెలు నడుచుచున్నవి. బాలిక పెదవుల కదలికను జూచి వ్రాసికొనుచున్నదే కాని, ఒక్క మాటయు వినబడుటలేదు. సాంచెలు ఆపుమని తండ్రితో నెట్లు చెప్పుదును? అవి ఆగిన కూలి యాగును.

కోరుట్లలో జూచినది వేఱు. ఒక బాలుడు తల్లి ఫోనులో తన పాఠమును చదివి ముద్రించుకొని, మరల విని, నచ్చకున్న దుడిచి మరల చదువును. శుక్రవారము, సెలవుదినమున, దానిని మస్కటులోని తండ్రికి బంపును. తల్లి బీడీలు చుట్టుచు వినుచుండును. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఐనను బాలుడెచట దడబడెనో యామెకు దెలియును. ఆఱు నెలలలో ఆ బాలుని పలుకు మాఱినది. ఏమైనను గొన్నారా? లేదు. వినుటయు బలుకుటయు రెండును జరిగినవి, అంతే. నేడు పిల్లవాని మాట విని తప్పు జెప్పు యంత్రములును వచ్చినవి. అవియు మన యాసకు దికమకపడుచుండును గనుక, ప్రక్క మనిషి యుండవలెను.

ఫోను పిల్లవానికే యిచ్చివేయుడని నేననను. పాఠము ముగిసినను ఫోను ముగియదు, తల్లులకిది బాగుగా దెలియును. నా మనవి యిది: తెరను గొనవలదు. ఒక్కొక్క పట్టణమునకు నాలుగు ఫోనులు, సంఘము వశముననే యుండునవి, సాయంకాలము ఒక గంట, పదిమంది పిల్లలు, డిగ్రీ చదువుచున్న మన యాడుబిడ్డ యొకతె, గౌరవవేతనముతో. పాఠ్యపుస్తకములోని పాఠమునే మొదట వినిపింపవలెను, పిదప బిడ్డచే జదివించి ముద్రించి ఆ బిడ్డకే వినిపింపవలెను. ఆ గంటలో తెలుగు మాటాడిన దండన యుండరాదు. అర్థము తెలుగుననే చెప్పవచ్చును.

జగిత్యాల, కోరుట్లలలో గదులు దొరకును. సిరిసిల్లలోనే చిక్కు. సాంచెల చప్పుడు వినబడని గది యెవరియింటనైన నున్నయెడల, ఈ సాయంకాలము సభ ముగియులోపల నాకు దెలుప బ్రార్థించుచున్నాను.