అర్ధరాత్రి రేడియోలో దయ్యాల ముచ్చట్లు : వినోదమా? విశ్వాసమా?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా రాయికల్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజున డి.ఏ. గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడటం మనకు ఆనవాయితీ. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకోవడమూ ఆనవాయితీయే. ఆ పని నా ముందు మాట్లాడిన మిత్రులు బాగానే చేశారు. "మీరు సైన్సు సారు గదా, జర వేరే సంగతి చెప్పండి" అని కార్యదర్శి గారు అన్నారు. అందుకని దయ్యాల గురించి చెప్పబోతున్నాను. నవ్వండి, ఫరవాలేదు. నేనూ నవ్వుతూనే మొదలుపెడుతున్నాను.

మొన్న సెలవులకు మా మనుమడు వచ్చాడు. రాత్రి పదకొండు దాటినా దీపం ఆర్పలేదు. ఏమిరా అంటే చెవిలో పెట్టుకున్నది తీసి నా చెవికిచ్చాడు. ఎవరో ఒకాయన గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. స్మశానం పక్క రోడ్డు, ఆగిపోయిన బండి, తెల్లచీర. చివర్లో "ఇది నాకు నిజంగా జరిగింది, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం" అన్నాడు. వాడికి భయమూ అయింది, సంతోషమూ అయింది. నిజం చెప్పొద్దూ, నాకూ అయింది. చిన్నప్పుడు దుప్పటి కప్పుకొని ఆకాశవాణి నాటకం విన్నప్పుడు కలిగిన వణుకే అది.

అయితే నాటకానికీ దీనికీ ఒక తేడా ఉంది. నాటకం మొదట్లో రచన ఫలానా, నిర్వహణ ఫలానా అని చెప్పేవారు. చివరన మళ్లీ చెప్పేవారు. అంటే లోపలికి పోయే తలుపూ, బయటికి వచ్చే తలుపూ రెండూ కనిపించేవి. "నాకు నిజంగా జరిగింది" అన్న మాటకు బయటి తలుపు లేదు.

ఈ విద్యలో ఆరితేరినవాడు అమెరికాలో ఒకాయన ఉండేవాడు. పేరు ఆర్ట్ బెల్. నెవాడా రాష్ట్రపు ఎడారిలో పారంప్ అనే చిన్న ఊరు. అక్కడ తన ఇంట్లోనే కూర్చొని, 1990లలో రాత్రంతా "కోస్ట్ టు కోస్ట్ ఏ.ఎం." అనే రేడియో కార్యక్రమం నడిపాడు. వినేవాళ్లు లారీ డ్రైవర్లు, నైట్ డ్యూటీ వాళ్లు, నిద్రపట్టని ముసలివాళ్లు. మన దగ్గర రాత్రి కరెంటు కోసం బాయికాడ పడుకొని, తోడుకు ట్రాన్సిస్టర్ పెట్టుకున్న రైతులను తలచుకుంటే ఆ శ్రోతలెవరో మనకు తెలుస్తుంది. చీకట్లో మనిషి గొంతు ఒక తోడు. అది ఏం చెబుతున్నదన్నది తరువాతి మాట.

ఆర్ట్ బెల్ ఫోన్లను వడగట్టేవాడు కాదు. ఎవరు చేస్తే వారిని నేరుగా గాలిలోకి వదిలేవాడు. ఎగిరే పళ్లాలు, దయ్యాలు, గ్రహాంతరవాసులు, ఎవరి గొడవ వారిది. ఆయన వెక్కిరించడు, వాదించడు, శ్రద్ధగా వింటాడు. 1997 సెప్టెంబరు 11 రాత్రి ఒకడు ఏడుపు గొంతుతో ఫోన్ చేసి, తాను రహస్య సైనిక స్థావరం ఏరియా 51లో పనిచేశానని, తనను వెతుకుతున్నారని చెప్పసాగాడు. సరిగ్గా అప్పుడే ప్రసారం ఆగిపోయింది. అరగంట దాకా రాలేదు! ఉపగ్రహంతో లంకె తెగిందన్నారు. ఇంతకన్న గొప్ప నాటకం ఎవడు రాయగలడు? మరుసటి ఏడు ఒకడు ఫోన్ చేసి, ఆ మాట్లాడింది నేనే, అదంతా నటన అన్నాడు. మొదటి ఫోన్ అందరికీ గుర్తుంది, రెండోది కొందరికే గుర్తుంది.

ఇంతవరకు వినోదమే. నవ్వు ఆగిపోయే సంగతి ఇంకొకటి ఉంది. 1997లో హేల్-బాప్ తోకచుక్క మీకందరికీ జ్ఞాపకం ఉండి ఉంటుంది. మార్చి చివర, ఏప్రిల్‌లో పొద్దుగూకిన తరువాత వాయవ్యాన కనబడింది. బడి పిల్లలను మైదానంలో నిలబెట్టి నేనే చూపించాను. అంతకు ముందు 1996 నవంబరులో ఒక ఔత్సాహిక ఖగోళ పరిశీలకుడు ఆర్ట్ బెల్‌కు ఫోన్ చేసి, ఆ తోకచుక్క వెంట శనిగ్రహం వంటి ఒక వస్తువు వస్తున్నదని, తాను ఫోటో తీశానని చెప్పాడు. అది ఒక మామూలు నక్షత్రమని, పట్టికలో దానికి నంబరు కూడా ఉన్నదని ఖగోళ శాస్త్రజ్ఞులు వెంటనే తేల్చారు. కాని ముచ్చట ఆగలేదు. అది అంతరిక్ష నౌక అన్నవారు అదే కార్యక్రమానికి వచ్చారు. ఒక ఫోటో దొంగదని తేలినప్పుడు ఆర్ట్ బెల్ దానిని బయటపెట్టాడు కూడా. అది ఆయన నిజాయితీ. 1997 మార్చిలో కాలిఫోర్నియాలో "హెవెన్స్ గేట్" అనే గుంపు వాళ్లు 39 మంది, ఆ తోకచుక్క వెంట వచ్చే నౌక తమను తీసుకుపోతుందన్న నమ్మకంతో ప్రాణాలు తీసుకున్నారు. రేడియో వల్లనే చచ్చిపోయారని నేననను. ఆ నమ్మకం వాళ్లకు ఇరవై ఏళ్ల ముందు నుంచే ఉంది. తోడుగా వస్తువు ఉన్నా లేకపోయినా తమకు ఒకటేనని వాళ్లే రాసిపెట్టారు. కాని ఆ నౌక మాటను రాత్రుళ్లు దేశమంతా ఊరేగించింది ఎవరు?

"నమ్మడం మీ ఇష్టం" అన్నవాడు 2018లో చనిపోయే దాకా ఆ మాట మీదనే ఉన్నాడు. ఆ మాట వినడానికి ప్రజాస్వామ్యంలా ఉంటుంది. కాని బరువంతా వినేవాడి నెత్తిన పెట్టి తాను చేతులు దులుపుకోవడమే అది.

ఇక మన ఇంటి సంగతి. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ గారి "తులసిదళం" ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు ఆఫీసుల్లో పత్రిక కోసం కొట్లాటలు జరిగాయి. మూఢనమ్మకాలను పెంచుతున్నదని విమర్శలూ వచ్చాయి. నేను రెండువైపులా వాదించాను, మనిషిని బట్టి! దాదాపు ఆ రోజుల్లోనే మెదక్ జిల్లాలో బాణామతి భయం ప్రబలితే, విజయవాడ నాస్తిక కేంద్రం వారు ఊళ్లు తిరిగి జనానికి నచ్చజెప్పవలసి వచ్చింది. నవల వల్ల బాణామతి రాలేదు. అది నవల కన్న ఎంతో పాతది.

నాకు ఆలస్యంగా తెలిసివచ్చిన విషయం ఒకటి చెబుతాను. దయ్యం కథలో ముద్దాయి ఉండడు. చచ్చినవాడి మీద ఎవరు కేసు పెడతారు? బాణామతిలో, చేతబడిలో ముద్దాయి ఉంటాడు. అతను బతికి ఉంటాడు, మన వాడలోనే ఉంటాడు, చాలాసార్లు ముసలివాడో, ఒంటరి ఆడమనిషో అయి ఉంటాడు. 2020 నవంబరులో మన మల్యాల మండలంలో ఒక చదువుకున్న యువకుణ్ణి మంత్రాల అనుమానంతో సజీవంగా తగులబెట్టారు. బంధువుల మీదనే కేసు నమోదైంది. 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలో, పట్టపగలు, కులసంఘం సమావేశంలో, ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ అదే అనుమానంతో చంపారు. అడవిలో కాదు, జిల్లా కేంద్రంలో.

హేతువాది రుచి లేనివాడని, సభకు వస్తే నిద్ర వస్తుందని ఒక పేరుంది. అది పూర్తిగా నిజం కాదు. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగాడని దేశమంతా గుళ్ల ముందు వరుస కట్టినప్పుడు, ఎర్ర రంగు కలిపిన పాలు చెంచాతో ఒక మట్టి బొమ్మకు పట్టించి చూపాను. చెంచా అంచు బొమ్మకు తగలగానే తలతన్యత వల్ల పాలు పైకి లేచి, సన్నని పొరగా బొమ్మ మీదుగా కిందికి జారాయి. తెల్లపాలైతే కనిపించవు, ఎర్రపాలు గీతలా కనిపించాయి. పిల్లలు కొట్టిన చప్పట్లు నాకింకా వినిపిస్తాయి. గుడి ముందు వరుసలో కూడా అంత సంబరం లేదు.

చప్పట్ల సంగతి చెప్పిన నోటితోనే నా తప్పు కూడా చెప్పాలి.

1984లో నేను ఈ చుట్టుపక్కల ఒక పల్లెలో పనిచేస్తున్నాను. అప్పటికి మండలాలు లేవు, జగిత్యాల తాలూకా. ఒక ఉదయం పిల్లవాడు పరుగెత్తుకొచ్చాడు. "సారూ, తాళమేసిన మోటరు షెడ్డుల ఎవరో మాట్లాడుతున్రు. ముందుగాల సన్నగ పాట, గా తర్వాత మనిషి గొంతు." పసుపు చేనికి పోయే ఆడవాళ్లు విన్నారట. షెడ్డు పక్క గుడిసెలో కామెర్లకు చెట్టుమందు ఇచ్చే ముసలాయన ఉండేవాడు. నేను పోయేసరికి జనం షెడ్డు వైపు చూడటం లేదు, ఆ గుడిసె వైపు చూస్తున్నారు.

రైతును పిలిపించి తాళం తీయించాను. గూట్లో ట్రాన్సిస్టర్ ఉంది. రాత్రి కరెంటుకు మోటరు వేసి, రేడియో పెట్టుకొని కూర్చున్నాడు. పదకొండు దాటాక స్టేషను మూసుకుంది. వాన మొదలైతే మోటరు బందు చేసి, తల మీద గోనెసంచి వేసుకొని ఇంటికి ఉరికాడు. వాన చప్పుడులో రేడియో గురగుర వినబడలేదు, కట్టేయడం మరిచాడు. తెల్లవారుజామున స్టేషను మళ్లీ తెరుచుకుంది. మొదట ఆ వయొలిన్ బాణీ (చెక్ దేశం నుంచి వచ్చిన వాల్టర్ కాఫ్‌మన్ కట్టిందంటారు), తరువాత వందేమాతరం, తరువాత అనౌన్సరు. సెల్లులు అయిపోవచ్చినందువల్ల గొంతు లోతుగా, బావిలోంచి వచ్చినట్టు వినబడింది. కొత్త సెల్లులు వేసి అందరి ముందు మోగించాను. నవ్వుకుంటూ పోయారు. ముసలాయన నాకు దండం పెట్టాడు.

తరువాత నేనేం చేశానంటే, స్టాఫ్‌రూములో, ట్రైనింగుల్లో, పెళ్లి విడిదిళ్లలో ఈ కథ చెప్పడం మొదలుపెట్టాను. తాళం వేసిన షెడ్డు, లోపల మాట, పక్కన మందులిచ్చే ముసలాయన. అక్కడ ఆపి అందరి మొహాలు చూసేవాణ్ణి. ఆ నిశ్శబ్దం రుచి వేరు. కొన్నిసార్లు అక్కడే బెల్లు కొట్టేది, భోజనాలకు పిలుపు వచ్చేది. ట్రాన్సిస్టర్ సంగతి మిగిలిపోయేది. రేపు చెబుదాంలే అనుకునేవాణ్ణి. కొన్నిసార్లు బెల్లు కొట్టకపోయినా ఆపాను. రేడియో రాగానే కథ చల్లబడుతుంది మరి. రెండు మూడేళ్లకు ఆ ముసలాయన గుడిసె వదిలి భివండిలో మరమగ్గాల మీద పనిచేసే కొడుకు దగ్గరికి పోయాడు. ఎందుకు పోయాడని నేను అడగలేదు.

కిందటేడు కోరుట్ల బస్టాండులో కూర్చుని ఉంటే, పక్కన ఒక యువకుడు ఇద్దరు స్నేహితులకు సెల్‌ఫోన్‌లో విన్నట్టుగానే గొంతు తగ్గించి ఒక కథ చెబుతున్నాడు. ఊరి పేరు సరిగ్గా చెప్పాడు. అందులో షెడ్డు ఉంది, తాళం ఉంది, ముసలాయన ఉన్నాడు. రేడియో లేదు. నేను లేచి అతని దగ్గరికి పోయి, "బాబూ, ఆ షెడ్డు తాళం తీయించింది నేనే" అని మొదలుపెట్టాను. వాన దాకా వచ్చాను. మెట్‌పల్లి బస్సు వచ్చింది. "మంచిది సారూ" అని సంచి భుజాన వేసుకొని ఎక్కేశాడు.