రెండింజనుల విమానము, పలనాటి యెండ

పలనాటి పొలములలో నిలిచి తలయెత్తి చూచువారికి, ఆకసమున తెల్లని చారను విడుచుచు పోవు విమానము క్రొత్త కాదు. అట్టివానిలో మన దేశమున మిక్కిలిగా తిరుగునది ఎయిర్‌బస్ ఏ-320 తరగతి విమానము. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వము తలపెట్టిన క్రొత్త విమానాశ్రయములలో నాగార్జునసాగరము పేరును చేరినది. కావున ఈ యంత్రమున కేమి కావలయునో పలనాటివారు తెలిసికొనుట యవసరము.

దీని పొడవు 37న్నర మీటర్లు. రెక్కల కొసల నడుమ దూరము 34 మొదలు 36 మీటర్లు. లోపల నడవ యొక్కటే. దాని కిరుప్రక్కల ముమ్మూడు ఆసనములు, వెరసి 180 మందికి తావు. నిండు బరువు సుమారు 78 టన్నులు. 1987 ఫిబ్రవరి 22న ఇది తొలిసారి యెగిరినది. 1989లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ దీనిని తెప్పించినప్పుడు, రన్‌వేలపై బరువు పరచుకొనుటకై రెక్కల క్రింద ఇరువైపుల రెండేసి చక్రములకు మారుగా నాలుగేసి యమర్పించినది.

రెండింజనులలో నొకటి చెడినచో నేమగును? పరుగెత్తునప్పుడు నిర్ణయవేగ మొకటి కలదు. దానికి లోబడి చెడినచో మిగిలిన బాటలోనే యాగవలయును. దాటిన పిదప చెడినచో ఒంటి ఇంజనుతోనే లేవవలయును. రెంటికిని బాట చాలవలయును. అందుచేతనే నిండు బరువున రెండు కిలోమీటర్లకు పైబడిన రన్‌వే యవసరమగుచున్నది.

ఇక రెంటచింతల యెండను తలచుకొనుడు. వేడెక్కిన గాలి పలుచనగును. రెక్కలకు ఎత్తు బలమును, ఇంజనులకు త్రోపు బలమును తగ్గును. అప్పుడు బాటయైన పెరుగవలయును, బరువైన తగ్గవలయును. గన్నవరమున రన్‌వేను 3,360 మీటర్లకు పొడిగించుటకు చుట్టుప్రక్కల రైతులు భూములిచ్చిరి. డెబ్బదిమందిని మోయు ఏటీఆర్-72 అను చిన్న విమానము 23 టన్నులది. దానికి సముద్రమట్టమున, చల్లని వేళ 1,300 మీటర్ల బాట చాలును.

రన్‌వే పొడవు పెరిగిన కొలది మిరపచేలు, పత్తిచేలు తరుగును. విమానాశ్రయము వలదని నా మాట కాదు. ఏ విమానము కొరకు, ఎంత బరువునకు, ఎంత నేల యని ముందడిగి, ఉత్తరువు చూచిన పిదపనే కొలతగొలుసును చేనిలో దింపనిండు.