మనము నిలిచిన చోటు
(నౌపడలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



గట్టు కనుమరుగైన తరువాత నావ ఎక్కడ నున్నదో తెలియుట ఎట్లు? మన తీరపు మత్స్యకారులు దూరపు కొండను, గట్టుమీది చెట్టుతో గురి కలిపి చూచి చెప్పెడివారు. రాత్రివేళ చుక్కలను చూచి చెప్పెడివారు. నేడు ఆ గురిని ఆకాశమునందలి ఉపగ్రహములు చూపుచున్నవి. మీలో అనేకుల జేబులోని ఫోనే ఇందుకు సాధనము. దానిని గ్రామ ప్రయోజనమునకు వినియోగించు విధమును గూర్చి నేడు మనవి చేయుదును.

అమెరికా దేశపు జి.పి.ఎస్. ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున భూమిని చుట్టి తిరుగుచున్నవి. మన దేశమును 2013 జూలై 1న శ్రీహరికోటనుండి తన తొలి మార్గదర్శక ఉపగ్రహమును పంపినది. 2016లో ఈ ఏర్పాటునకు ‘నావిక్’ అని నామకరణము జరిగినది. ప్రతి ఉపగ్రహమునందును అతి సూక్ష్మముగా కాలమును కొలుచు గడియారము కలదు. అది పంపు సంకేతము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగమున వచ్చును. వచ్చుటకు పట్టిన కాలమును బట్టి ఫోను దూరమును లెక్కకట్టును. నాలుగు ఉపగ్రహముల సంకేతములు అందినచో మన చోటు తేలును. లెక్కలో సెకనునందు పదిలక్షలవ వంతు తప్పు వచ్చినను దూరము 300 మీటర్లు తప్పును. ఈ లెక్కకు ఇంటర్నెట్టు అవసరము లేదు. పటమును మాత్రము ముందుగానే ఫోనులోనికి దింపుకొని యుంచవలెను.

దీని విలువ సముద్రముపై మొదట తెలియును. నేలపైనున్నట్లు నీటిపై సరిహద్దు రాళ్లుండవు. బ్రతుకు తెరువుకై గుజరాతులోని వెరావల్‌కు వెళ్లిన శ్రీకాకుళము మొదలగు జిల్లాల మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాను వారికి చిక్కిరి. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా స్వదేశము చేరిరి. ఏడాదికి పైగా ఆ కుటుంబములు పడిన వేదన మన జిల్లాకు తెలియనిది కాదు. సరిహద్దు గీతను ముందుగా గుర్తించిన పటము నావలో నున్నచో, గీత ఎంత దూరమున నున్నదో ఎప్పటికప్పుడు చూచుకొనవచ్చును.

గట్టునుండి పది పన్నెండు కిలోమీటర్లు దాటిన పిమ్మట ఫోను మాట సాధారణముగా అందదు. 2017 నాటి ఓఖీ తుఫానులో దూరమున నున్న నావలకు హెచ్చరిక అందించుట దుస్సాధ్యమైనది. అందుచే 2019 అక్టోబరులో హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థయు, విమానాశ్రయముల సంస్థయు కలిసి ‘జెమిని’ అను చిన్న పరికరమును వెలువరించినవి. తుఫాను హెచ్చరికలు, అలల ఎత్తు, చేపలు దొరకు తావులు ఉపగ్రహము ద్వారా దానికి చేరి, దానినుండి ఫోనులో కనిపించును. అయితే దానితో నావనుండి బదులు పంపుటకు వీలు లేదు. ఇరువైపుల సమాచారము నడచుటకు, లక్ష నావలలో పరికరములు అమర్చు పథకమును 2024 ఆగస్టు 30న కేంద్ర ప్రభుత్వము ఆరంభించినది.

ఇక నేలమీది సంగతి. ఉద్దానమున కొబ్బరి, జీడి తోటల నడుమ ఇండ్లు విసిరేసినట్లుండును. మూత్రపిండముల వ్యాధిచే రక్తశుద్ధికై పలాసకో, టెక్కలికో వెళ్లవలసిన రోగులు వాటిలో నున్నారు. రాత్రి 108 బండి వచ్చినప్పుడు ‘చింతచెట్టు దాటి కుడిచేతివైపు’ అన్నచో కొత్త డ్రైవరుకు ఏమి తెలియును? 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను విరుచుకుపడినప్పుడు ఆనవాళ్లుగా చెప్పుకొను చెట్లే నేలకూలినవి. చెట్టు కూలినను అక్షాంశ రేఖాంశముల అంకెలు చెరగవు.

నౌపడ సుమారు 18.6 ఉత్తర అక్షాంశము, 84.3 తూర్పు రేఖాంశముల చెంత నున్నది. ఈ మాత్రము చెప్పినచో ఊరి పరిసరము తెలియునే కాని ఇల్లు తెలియదు. బిందువు తరువాత రెండంకెలు చెప్పినచో సుమారు ఒక కిలోమీటరు వరకును, నాలుగంకెలు చెప్పినచో సుమారు 11 మీటర్ల వరకును చోటు నిర్ణయమగును. కావున నాలుగంకెలకు తక్కువ వ్రాయరాదు.

వినోదమునకును ఇది పనికివచ్చును. 2000 సంవత్సరము మే నెలలో అమెరికా ప్రభుత్వము ప్రజలకందు సంకేతములోని కృత్రిమ దోషమును తొలగించినది. ఆ మరునాడే ఆరెగాన్ రాష్ట్రమున ఒకరు అడవిలో చిన్న వస్తువులు గల బకెట్టును దాచి, అంకెలు మాత్రము ప్రకటించిరి. నాటినుండి ఈ వెదుకులాట అనేక దేశములకు వ్యాపించినది. మన ఉపాధ్యాయులును పిల్లలచే ఈ ఆట ఆడింపవచ్చును. తేలినీలాపురమునకు పక్షులను చూడబోవు విద్యార్థులు తాము నడచిన దారిని ఫోనులో గుర్తించుకొని, కొంగలు మేతకు దిగిన తావులను వ్రాసికొనవచ్చును. గూళ్ల దగ్గరకు మాత్రము పోరాదు.

కొన్ని జాగ్రత్తలు కలవు. దట్టమైన చెట్ల క్రింద, ఎత్తైన గోడల ప్రక్కన లెక్క తప్పవచ్చును. బయలున నిలిచి అంకెలు కుదుటపడువరకు ఆగవలెను. ఫోను చూపు తిన్నని దూరమును నమ్మి అడుగు వేయరాదు. నడుమ ఉప్పుటేరో, ఉప్పుమడియో ఉండవచ్చును. సముద్రమున ఫోను తడిసినను, దాని శక్తి ఉడిగినను పెద్దల విద్యయే దిక్కు. కనుక కొండగురిని, చుక్కల గురిని పిల్లలకు నేర్పుట మానరాదు.

చివరగా ఒక్క విన్నపము. ప్రతి పంచాయతీ ఒక పుస్తకము తెరువవలెను. బడి, తుఫాను రక్షణ భవనము, మంచినీటి తావు, నావల రేవు, బండి ఆగగల చోటు, ప్రతి వార్డులో చివరి ఇల్లు: వీని పేరును, నాలుగేసి అంకెలను అందు వ్రాయవలెను. ఒకరు వ్రాసిన అంకెలను పట్టుకొని మరియొకరు నడచి వెళ్లి సరిచూడవలెను. వెదుకులాట నేర్చిన పిల్లలకు ఈ పని ఆటతో సమానము. రోగియొక్క, కుటుంబముయొక్క సొంత వివరములు ఇందు చేర్చరాదు. ఒక ప్రతిని కార్యాలయపు గోడకు, మరియొకటి రక్షణ భవనమునకు తగిలించవలెను.

ఉపగ్రహము అంకెలనే ఇచ్చును. ఆ అంకెలకు మన ఊరి పేరును, మన ఇంటి దారిని జతచేయవలసినవారు మీరే. ఆ పని వచ్చే తుఫానునకు ముందే పూర్తి కావలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.