పాటలో రెండో సగం
(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు ఒక పాటల రికార్డు గురించి చెబుతాను. అమెరికాలో పల్లెజనం, శ్రామికజనం తమదిగా చెప్పుకునే కంట్రీ సంగీతంలో లొరెట్టా లిన్‌ది పెద్ద పేరు. 1932లో కెంటకీ కొండల్లో బొగ్గుగని కార్మికుడి ఇంట పుట్టింది. పదిహేనేళ్లకే పెళ్లి. ఇరవయ్యేళ్లు దాటేసరికి నలుగురు పిల్లలు. గిటారు కొనిచ్చి పాడమన్నది భర్తే. తాగి ఇంటికొచ్చిందీ ఆ భర్తే.

1967లో ఆమె ఆల్బం 'డోంట్ కం హోం ఎ డ్రింకిన్' వచ్చింది. ఆ పేరుతో ఉన్న పాటను చెల్లెలు పెగ్గీ స్యూతో కలిసి రాసింది. కంట్రీ పాటల్లో ఆమెకు తొలిసారి మొదటి స్థానం తెచ్చింది ఆ పాటే. ఆల్బం కూడా కంట్రీ ఆల్బంలలో మొదటి స్థానానికి చేరింది. 1970లో దానికి గోల్డ్ గుర్తింపు వచ్చింది. కంట్రీ గాయనుల ఆల్బంలలో ఆ గుర్తింపు దక్కిన తొలి వాటిలో ఇదొకటి.

అంతమంది ఎందుకు కొన్నారు? ఆ పాట పేరులో రెండు మాటలున్నాయి. తాగి రావద్దు అన్నది ఒకటి. తాగొచ్చి నా మీద కోరిక చూపొద్దు అన్నది రెండోది. అంటే భార్యకు కూడా 'వద్దు' అనే హక్కుందని. ఆనాటి అమెరికాలో భార్యను బలవంతం చేసిన భర్తను శిక్షించే చట్టం లేదు. భర్తలకున్న ఈ మినహాయింపును మొదట తొలగించిన రాష్ట్రం నెబ్రాస్కా, 1976లో. అన్ని రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో నేరమయ్యేసరికి 1993 వచ్చింది. చట్టం కంటే ముందే ఒక ఇల్లాలు పాటలో ఆ మాట అనేసింది.

లొరెట్టా తనను స్త్రీవాదిగా చెప్పుకోలేదు. 1996లో భర్త చనిపోయేదాకా ఆ కాపురంలోనే ఉంది. అందుకని పాట విలువ తగ్గదు. ఇల్లు వదలలేని స్త్రీకే ఆ మాట ఎక్కువ అవసరం. 1975లో గర్భనిరోధక మాత్రల మీద పాడిన 'ది పిల్' పాటను ఎన్నో రేడియో స్టేషన్లు వెయ్యనన్నాయి. అయినా అది కంట్రీ పాటల్లో ఐదో స్థానానికి చేరింది.

ఇక మన సంగతి. 1992లో దూబగుంట ఆడవాళ్ల సారా పోరాటం చూసినవాళ్లం. మొదటి మాట మనకు కొత్త కాదు. తాగుడు గురించి ఎంత గొంతెత్తామో, పడకగదిలోని బలవంతం గురించి అంత ఎత్తామా? మన దగ్గరికి వచ్చే స్త్రీ దెబ్బలు చూపిస్తుంది, డబ్బు పోయిందని చెబుతుంది. మూడో సంగతి దగ్గర తల దించుకుంటుంది. మనమూ అడగం. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా పద్దెనిమిదేళ్లు నిండిన భార్య విషయంలో భర్తకు పాత మినహాయింపునే ఉంచింది.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. ఈసారి ఒక చెల్లెలు తల దించుకున్నప్పుడు, పక్కన కూర్చుని నెమ్మదిగా అడుగుదాం. పాటలో రెండో సగం మనమూ విందాం.