కాలువ చివరి ఊళ్లు నేర్పే ఆర్థికశాస్త్రం



ఆర్థికశాస్త్రం అనగానే బడ్జెట్టు, షేర్ మార్కెట్టు గుర్తుకొస్తాయి. ఈ సాయంత్రం వాటి జోలికి పోను. కాలువ నీళ్ల గురించి మాట్లాడతాను.

1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త ‘సైన్స్’ పత్రికలో ఓ వ్యాసం రాశారు. ఆయన వాదన ఇది: ఊరుమ్మడి బీడులోకి ప్రతివాడూ ఇంకో పశువును తోలతాడు. లాభం తనది, నష్టం ఊరందరిదీ. కొన్నాళ్లకు బీడే మిగలదు. ఉమ్మడి ఆస్తికి ప్రభుత్వమో సొంతదారో కాపలా లేకపోతే నాశనమేనని చాలామంది నమ్మారు.

అయితే రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు మన కర్నూలు జిల్లాకొచ్చి, కాలువల కింది పల్లెల్లో తిరిగి చూశారు. 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అనే పుస్తకం రాశారు. కొన్ని ఊళ్లలో ఎన్నికైన పంచాయతీ కాక, రైతులు తమంతట తాము పెట్టుకున్న పెద్దల సభ ఒకటి ఉండేది. నీళ్లు తక్కువైన రోజుల్లో ఆ సభ నీరుగంటివాళ్లను నియమించేది. వాళ్లు మడి మడికీ వంతుల ప్రకారం నీళ్లు పారించేవాళ్లు. పైరు మీద పశువులు పడకుండా కావలివాళ్లు ఉండేవాళ్లు.

మరి డబ్బెక్కడిది? కోతలయ్యాక గొర్రెల మందలు వచ్చేవి. మంద ఏ రాత్రి ఎవరి చేలో పడుకోవాలో వేలం పాట పెట్టేవాళ్లు. ఎరువు రైతుకు, పాట సొమ్ము ఊరి నిధికి. పైనుంచి నీళ్లు దింపించుకోవడానికి కాలువ సిబ్బందికిచ్చే మామూళ్లు కూడా ఆ నిధిలోంచే పోయేవి. ఇది చదివి నాకు బాధ కలిగింది. అయినా దాచకుండా రాసినందుకు వేడ్ మీద గౌరవం పెరిగింది.

అసలు సంగతి ఇక్కడుంది. ఈ కట్టుబాట్లు ఎక్కువగా కాలువ చివరి ఊళ్లలోనే కనిపించాయి. ఎగువన నీళ్లు సమృద్ధిగా ఉన్నచోట అంతగా లేవు. వాళ్లూ కొన్ని మైళ్ల దూరంలోని రైతులే. ప్రధానమైన తేడా ఇది: చివరి ఊళ్లో కలిసి నడవకపోతే పైరు ఎండుతుంది, తగాదాలు ముదురుతాయి. కలవడానికయ్యే శ్రమకంటే కలవకపోతే వచ్చే నష్టం పెద్దది.

ఎలినార్ ఆస్ట్రమ్ అనే పరిశోధకురాలు ఇలాంటి అనుభవాలను ఎన్నో దేశాల నుంచి సేకరించి, 1990లో పుస్తకంగా తెచ్చారు. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆమె.

మళ్లీ మన దగ్గరికి వస్తే, 1997లో మన రాష్ట్రం చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ ఎగువ ఊరి అవసరం వేరు, చివరి ఊరి అవసరం వేరు. రెండింటికీ ఒకే అచ్చు సరిపోదని నా అభిప్రాయం.

మీ వీధిలో, మీ అపార్ట్‌మెంట్ బోరు దగ్గర జనం కలిసి రావడం లేదంటే, వాళ్లకు బుద్ధి లేదని తీర్పు చెప్పేముందు దయచేసి ఒక్కటి అడగండి: కలవకపోతే ఎవరికెంత నష్టం? కావలికయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు?